డాగ్‌కు చుట్టాలెవరు?

ఇంగ్లిష్‌లో గాడ్‌ను తిరగేసి రాస్తే డాగ్ అవుతుంది. మూడక్షరాల ఈ గారడీ మీద నడిచిన వేదాంతం అంతా ఇంతా కాదు. విశ్వాసానికి మారుపేరు కాబట్టే కుక్కకు దేవుడి పేరును తలకిందులు చేసి పెట్టారని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, వెయ్యేళ్లు వెనక్కి వెళ్తే చాలు, గారడీ చెదిరిపోతుంది. అప్పటి ఇంగ్లిష్‌లో కుక్కకు ఉన్న ఆ మాట రూపం 'డొగ్గ'. దాన్ని ఎటు తిప్పినా అందులోంచి ఏ దేవుడూ బయటికి రాడు. గాడ్ దారి పూర్తిగా వేరు. మన 'ఆహ్వానం'లో ఉన్న పిలవడం అనే ధాతువుతోనో, 'ఆహుతి'లో ఉన్న వేల్చడం అనే ధాతువుతోనో దానికి బంధుత్వం ఉందని భాషా చరిత్రకారుల అభిప్రాయం. తిరగేసి చదవడం పిల్లల ఆట అని కొట్టిపారేయొచ్చు. కానీ తిరగేయకుండా, నేరుగా రెండు మాటలు ఒకేలా వినిపించినప్పుడు పెద్దపెద్దవాళ్లు కూడా అదే బోల్తా పడుతుంటారు. రెండు భాషల్లో ఒకే అర్థానికి ఒకేలాంటి మాట కనిపించగానే 'ఇది అక్కడి నుంచి వచ్చిందే' అనేస్తారు. నిజానికి పోలిక ఒక్కటే చుట్టరికానికి సాక్ష్యంగా నిలవదు. దూరపు భాషల్లో మాటలు మరీ ఒకేలా ఉంటే అది అనుమానించవలసిన విషయం. చుట్టరికాన్ని పట్టించేది ఒక పద్ధతి ప్రకారం వచ్చే తేడా. ఈ మాట నిరూపించడానికి డాగ్ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ముందు డాగ్ పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. చూడటానికి పెద్దగా ఏమీ లేదు, విచిత్రమంతా అందులోనే ఉంది. పాత ఇంగ్లిష్‌లో కుక్కకు మామూలు మాట 'హుండ్'. నేటి 'హౌండ్' దాని వారసురాలే. 'డొగ్గ' అన్నది ఆ కాలపు రాతల్లో దాదాపు కనిపించదు. ప్రుడెంటియస్ అనే లాటిన్ కవి రచనల ప్రతి ఒకదానిలో, 11వ శతాబ్దపు లేఖకుడెవరో 'కుక్కల యొక్క' అని అర్థమిచ్చే లాటిన్ మాట పక్కన 'డొగ్గ' షష్ఠీ బహువచన రూపాన్ని ఇంగ్లిష్ అర్థంగా రాసిపెట్టాడు. భూదాన పత్రాల్లో ఒకటి రెండు స్థలనామాల్లో కూడా ఇదే మాట దాగి ఉంది. సాక్ష్యం ఇంతే. అంత అరుదైన మాట రెండు మూడు శతాబ్దాల్లో రాతల్లోకి ఎక్కి, నాలుగు వందల ఏళ్లలో హౌండ్‌ను గద్దె దింపింది. జాన్ కైయస్ అనే వైద్యుడు బ్రిటన్ కుక్కల మీద లాటిన్‌లో రాసిన పుస్తకం 1576లో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు, దాని పేరులో జాతి మొత్తానికీ వాడిన మాట డాగ్. ఇంకో ముప్ఫై ఏళ్లకు షేక్‌స్పియర్ 'మాక్‌బెత్'లో రాజు నోట కుక్క రకాల జాబితా ఒకటి చెప్పించాడు. అందులో హౌండ్ ఒక రకం మాత్రమే. అన్నింటికీ కలిపి ఉన్న పేరు డాగ్. పైనున్నది కిందికి, కిందున్నది పైకి వచ్చాయి.

డాగ్ మొదట్లో ఏ కుక్కకు పేరై ఉంటుందో ఇంగ్లండ్ బయటి సాక్ష్యమే బాగా చెబుతుంది. జర్మన్‌లో 'డోగ్గె', ఫ్రెంచ్‌లో 'డోగ్', స్పానిష్‌లో 'డోగో' అనే మాటలున్నాయి. అవన్నీ ఇంగ్లిష్ నుంచి అరువు వెళ్లినవే, అన్నింటికీ అర్థం బలిష్ఠమైన, వెడల్పు మూతి కాపలాకుక్క. జర్మన్ వాళ్లకు మామూలు కుక్క నేటికీ 'హుండ్' గానే ఉంది, ఫ్రెంచ్ వాళ్లకు 'షియాఁ'. అంటే ఇంగ్లండ్ నుంచి కుక్కలు ఎగుమతి అయినప్పుడు వాటితో పాటు పేరు కూడా పడవెక్కింది. ఆ కుక్కల స్వభావం డాగ్ అర్థాల్లో కూడా దిగబడి ఉంది. క్రియగా డాగ్ అంటే వదలకుండా వెంటపడటం. దాని నుంచి పుట్టిన విశేషణానికి అర్థం మొండిపట్టు. యంత్రాల్లో ఒక భాగాన్ని కదలనీయకుండా కరచి పట్టుకునే ఇనుప కొక్కెం డాగ్. చలిమంట పొయ్యిలో కట్టెలను ఎత్తి పట్టే ఇనుప దిమ్మెలు కూడా డాగ్‌లే. పట్టు, వెంబడింపు, మొండితనం: వేటకుక్క చురుకుదనం ఈ అర్థాల్లో ఎక్కడా లేదు. మండువేసవిని డాగ్ డేస్ అనడం మాత్రం వేరే కథ. అది లాటిన్ పలుకుబడికి అనువాదం. ఆ రోజుల్లో సూర్యుడితో పాటు ఉదయించే సిరియస్ నక్షత్రాన్ని గ్రీకులు, రోమన్లు కుక్కగా చూశారు. అదే నక్షత్రం మన జ్యోతిషంలో లుబ్ధకుడు, వేటగాడు.

ఇప్పుడు గద్దె దిగిన హౌండ్ సంగతి. దాని వంశవృక్షం చాలా పెద్దది, అందులో తెలుగువాళ్లు పుస్తకాల్లో రోజూ చూసే మాట ఒకటుంది: శునకం. చెవికి ఏ మాత్రం పొంతన లేదు. ఒకటి 'హ'తో మొదలవుతుంది, ఒకటి 'శ'తో. అయినా ఇవి అక్కచెల్లెళ్లని భాషా చరిత్రలో ఎవరూ సందేహించరు. ఎందుకంటే ఈ తేడా ఈ ఒక్క జంటలో వచ్చింది కాదు. సంస్కృతంలో శతం, లాటిన్‌లో కెంటుమ్, ఇంగ్లిష్‌లో హండ్రెడ్. సంస్కృతంలో శృంగం, లాటిన్‌లో కోర్ను, ఇంగ్లిష్‌లో హార్న్. సంస్కృతంలో శునకం, లాటిన్‌లో కానిస్, ఇంగ్లిష్‌లో హౌండ్. సంస్కృతం 'శ' అన్న చోట లాటిన్ 'క' అంటుంది, ఇంగ్లిష్ 'హ' అంటుంది. మూల భాషలో ఉన్న ఒక 'క' లాంటి ధ్వని ఒక్కో శాఖలో ఒక్కో దారి పట్టింది, పట్టిన దారిని ఆ శాఖ తప్పలేదు. హౌండ్ చివరనున్న 'డ' జర్మానిక్ శాఖలో తర్వాత మొలిచిన తోక. ఈ మార్పుల క్రమాన్ని డెన్మార్క్ పండితుడు రాస్ముస్ రాస్క్ 1818లో గుర్తించాడు, 1822లో యాకోబ్ గ్రిమ్ సూత్రీకరించాడు. పిల్లల జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడే ఈ గ్రిమ్.

ఇరాన్ వైపు వెళ్తే ఇంకో ముచ్చట. సంస్కృతంలో 'శ్వ' ఉన్న చోట కొన్ని పాత ఇరానీ భాషల్లో 'స్ప' వస్తుంది. అశ్వం అక్కడ 'అస్ప', శ్వానం 'స్పాన'. పారశీక చక్రవర్తి కోరెష్‌ను పెంచిన పశువుల కాపరి భార్య పేరు స్పాకో అనీ, మీడుల భాషలో ఆ మాటకు ఆడకుక్క అని అర్థమనీ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. రెండువేల నాలుగు వందల ఏళ్ల కిందట రాసిన ఆ చిన్న వాక్యం, 19వ శతాబ్దంలో తేలిన సూత్రానికి అచ్చంగా సరిపోయింది. సూత్రం ముందు పెట్టుకుని సాక్ష్యాన్ని వంచారనే ఆరోపణకు ఇక్కడ తావు లేదు. సాక్షి సూత్రం కంటే చాలా ముందే వాంగ్మూలం ఇచ్చి వెళ్లిపోయాడు.

దీనికి ఎదురు పరీక్ష కూడా ఉంది. సంస్కృతంలో పథం, ఇంగ్లిష్‌లో పాత్. రెండింటికీ అర్థం దారి, ఉచ్చారణ కూడా దాదాపు ఒకటే. చుట్టరికానికి ఇంతకంటే సాక్ష్యం ఎందుకు అనిపిస్తుంది. కానీ గ్రిమ్ సూత్రం ప్రకారం మూల భాషలోని 'ప' ఇంగ్లిష్‌లో 'ఫ' కావాలి. పితృ అన్నది ఫాదర్ అయినట్టు, పాదం అన్నది ఫుట్ అయినట్టు. ఆ లెక్కన పాత్‌లో 'ప' ఉండనే కూడదు. అందుకే పాత్ వారసత్వంగా వచ్చిన మాట కాదనీ, ఏదో ఇరానీ భాష నుంచి జర్మానిక్ తెగలు అరువు తెచ్చుకుని ఉంటాయనీ చాలామంది అనుమానం. పథం అనే మాటకు ఇంగ్లిష్‌లో అసలైన తోబుట్టువు ఫైండ్ అని చెబుతారు. నడవడం, వెతుక్కుంటూ పోవడం, కనుక్కోవడం అనే క్రమంలో దాని అర్థం జరిగింది. బాగా పోలి ఉన్నది దొంగచుట్టమో ఇల్లరికమో అయింది, పోలిక లేనిది సొంతచెల్లెలు అయింది. గ్రీకులో దేవుణ్ని 'థెయోస్' అంటారు, లాటిన్‌లో 'దెయుస్'. పక్కపక్క భాషలు, ఒకే అర్థం, ఇంచుమించు ఒకే ధ్వని, అయినా చుట్టరికం లేదు. లాటిన్ దెయుస్‌కు చుట్టం మన 'దేవ'.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒకే కుటుంబంలోని భాషలు. పోలిక ఎంత దూరం మోసగించగలదో చూడాలంటే ఆస్ట్రేలియా వెళ్లాలి. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో, కెయిర్న్స్‌కు నైరుతి దిక్కున ఉండే ఆదివాసుల భాష మ్బబరమ్. 1960లలో ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ అనే భాషావేత్త దాన్ని గుర్తుంచుకున్న చివరి మనుషుల కోసం వెతుకుతూ ఆల్బర్ట్ బెనెట్ అనే పెద్దాయన దగ్గరికి చేరాడు. ఆయన చెప్పిన తొలి మాటల్లో ఒకటి కుక్క పేరు. తమ భాషలో కుక్కను డాగ్ అంటారని చెప్పాడు. డిక్సన్ నీరుగారిపోయాడు. పెద్దాయన భాష మరిచిపోయి ఇంగ్లిష్ మాటనే అప్పజెబుతున్నాడేమో అనుకున్నాడు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు, ఎవరైనా అదే అనుకుంటారు. తెల్లవాళ్లు ఆ ప్రాంతానికి వచ్చి అప్పటికి ఎనభై తొంభై ఏళ్లు దాటింది. గుర్రం, ఎద్దు లాంటి కొత్త జంతువులకు చుట్టుపక్కల భాషలు బయటి మాటలు తెచ్చుకున్నాయి కూడా.

తేల్చింది మళ్లీ తేడాల పద్ధతే. ఇరుగుపొరుగు భాషల్లో ఈ జంతువుకు ఏ పేరుందో చూడండి. యిడిన్ భాషలో 'గుడగ', జిర్బల్‌లో 'గుడ'. ఇవి ఒకే పాత మాటకు రూపాలు, ఇంగ్లిష్‌తో వాటికి ఏ సంబంధమూ లేదు. మ్బబరమ్‌కు ఒక వింత అలవాటుంది. పాత మాటల మొదటి అక్షరాన్ని అది కత్తిరించేస్తుంది. పొట్టకు చుట్టుపక్కల భాషల్లో 'బంబ' అయితే ఇక్కడ 'మ్బ' అంతే. కత్తిరించే ముందు ఇంకో మార్పు జరిగేది. మాట 'గ'తో మొదలైతే, రెండో అక్షరంలో ఉన్న 'అ' కాస్తా 'ఒ' వైపు గుండ్రబడేది. ఇప్పుడు 'గుడగ'ను ఈ దారిలో నడిపించండి. మొదట 'గ' ఉంది కాబట్టి రెండో అక్షరం 'డ' కాస్తా 'డొ' అయి, 'గుడొగ' అవుతుంది. మొదటి 'గు' రాలిపోతే 'డొగ'. చివరి అచ్చు కూడా పోతే 'డొగ్'. బెనెట్ పలికింది సరిగ్గా ఇదే. ప్రతి అడుగూ ఆ భాషలోని మిగతా మాటలూ వేసిన అడుగే. కుక్క కోసం ప్రత్యేకంగా చేసిన ఏర్పాటు ఒక్కటీ లేదు. భూగోళానికి చెరో పక్కన రెండు భాషలు, ఒకదాని ఉనికి ఒకదానికి తెలియకుండా, రెండు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే ధ్వని దగ్గర ఆగాయి.

దీని మీద రెండు అభ్యంతరాలు రావచ్చు. అరువు మాటే అయ్యుండి, సూత్రం కాకతాళీయంగా కుదిరిందేమో అనేది మొదటిది. కుదిరింది ఒకే ఒక్క మార్పయితే ఆ వాదన నిలబడేది. ఇక్కడ మూడు మార్పులు వరసగా, వేరే మాటల్లో రుజువైన క్రమంలోనే కుదిరాయి. పైగా, అరువు అనుకుంటే ఆ జాతికి 'గుడగ' నుంచి రావలసిన సొంత మాట ఏమైపోయినట్టు? రెండో అభ్యంతరం కాస్త లోతైనది. మనిషి మచ్చిక చేసుకున్న మొదటి జంతువు కుక్క. జర్మనీలోని బాన్ దగ్గర ఒబెర్‌కాసెల్‌లో మనుషులతో పాటు పూడ్చిన కుక్క అవశేషాలు సుమారు 14,000 ఏళ్ల నాటివి. జంతువు మనిషి వెంట ఖండాలు దాటింది కాబట్టి పేరు కూడా దాటి ఉండదా అని అడగొచ్చు. దాటే ఉండొచ్చు. కానీ అన్ని వేల ఏళ్లు దాటిన పేరు అలాగే మిగలదు. డాగ్ వెయ్యేళ్ల కిందట 'డొగ్గ', మ్బబరమ్ మాట అంతకుముందు 'గుడగ'. ఒక్క మెట్టు వెనక్కి వేయగానే రెండూ దూరం జరుగుతున్నాయి. డింగో ఆస్ట్రేలియాలో అడుగుపెట్టి మూడువేల ఏళ్లు దాటిందని ఎముకలు చెబుతున్నాయి. అప్పటి నుంచి తరతరాలుగా వచ్చిన మాట అయితే వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవ్వాలి. హౌండ్, శునకం అలాగే దగ్గరవుతాయి. గోథిక్ 'హుండ్స్', సంస్కృత షష్ఠి 'శునః', గ్రీకు షష్ఠి 'కునోస్' పక్కపక్కన పెడితే మధ్యలో ఉన్న 'ఉన్' అన్నింట్లోనూ తేలుతుంది. నిజమైన చుట్టాలు గతంలోకి వెళ్తే కలుస్తారు, ఉత్తుత్తి చుట్టాలు విడిపోతారు.

అయినా ఇంత అచ్చంగా ఎలా కలుస్తాయి అనిపిస్తే కొంచెం లెక్క వేద్దాం. డాగ్ నిర్మాణం ఒక హల్లు, ఒక అచ్చు, మళ్లీ ఒక హల్లు. ఒక భాషలో 20 హల్లులు, 5 అచ్చులు ఉన్నాయనుకుంటే ఈ పద్ధతిలో వచ్చే మాటలు మొత్తం 2,000. ప్రపంచంలో భాషలు సుమారు 7,000. వాటిలో ఒక 1,000 భాషల్లోనే కుక్కకు ఇలాంటి పొట్టి పేరు ఉందని తగ్గించి వేసుకుందాం. ఒక్కో భాషలో సరిగ్గా 'డొగ్' పడే అవకాశం 2,000లో 1. వెయ్యి భాషలూ కలిపితే ఎక్కడో ఒకచోట పడే అవకాశం దాదాపు 40 శాతం. ఇది ఒక్క కుక్క గురించే. వెయ్యి అర్థాల జాబితాతో కూర్చుంటే ఇలాంటి కలయికలు ఎక్కడో ఒకచోట వందల్లో దొరుకుతాయి. పైగా పోలికలు వెతికేవాళ్లు ఇంత కచ్చితంగా ఉండరు. 'డ' దొరక్కపోతే 'ట'తో సరిపెట్టుకుంటారు, 'గ' లేకపోతే 'క'. కుక్క కాకపోతే తోడేలైనా నక్కైనా పరవాలేదంటారు. ఒక్కో సడలింపుతో అవకాశం రెట్టింపు, మూడింతలు అవుతూ పోతుంది. సుమేరియన్‌ను తెలుగుతో కలిపే జాబితాలు, ప్రపంచ భాషలన్నిటినీ సంస్కృతం నుంచో తమిళం నుంచో పుట్టించే జాబితాలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటి పొడవు చూసి చాలామంది నమ్ముతారు. ఆ పొడవు కేవలం వెతికినవాళ్ల ఓపికను చూపిస్తుంది.

తెలుగుకు దగ్గరి ఉదాహరణ 'తిను'. ఇంగ్లిష్‌లో డైన్ అన్నా తినడమే. తినుకు తమిళంలో, కన్నడంలో, గోండిలో కూడా అదే ధాతువు ఉంది, వెనక్కి ఎంత వెళ్లినా 'తిన్' గానే ఉంటుంది. డైన్ వెనక్కి వెళ్తే పాత ఫ్రెంచ్ 'దిస్నెర్', ఇంకా వెనక్కి వెళ్తే ఉపవాసం విడవడం అని అర్థమిచ్చే పొడవాటి లాటిన్ మాట. అసలు 'తిను'లోని 'న' ధాతువుది, డైన్‌లోని 'న' ఉపవాసానికి చెందినది. రెండో మెట్టుకే విడిపోయాయి.

ఈ తర్కానికి తెలుగుతో ఇంకా గట్టి సంబంధం ఉంది. 1816లో ఏ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికా వ్యాఖ్యలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే మద్రాసు కలెక్టరు, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని నిరూపించాడు. అప్పటి యూరప్ పండితులు చాలామంది పుట్టిందనే అనుకునేవారు. తెలుగు పుస్తకం తెరిస్తే సంస్కృత పదాలు అడుగడుగునా కనిపిస్తాయి, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఎల్లిస్ ఆ పోలికను పక్కన పెట్టాడు. తత్సమం, తద్భవం, దేశ్యం అని మన వ్యాకర్తలు ముందే చేసిపెట్టిన విభజన ఆయనకు అక్కరకొచ్చింది. ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టిక తీసుకుని, ఒకే అక్షరంతో మొదలయ్యే సంస్కృత ధాతువుల పక్కన పెట్టి చూశాడు. కలవలేదు. తర్వాత తమిళ, కన్నడ ధాతువుల పక్కన పెట్టాడు. కలిశాయి. అచ్చంగా ఒకేలా ఉన్న తత్సమాలు అరువు, రూపం మారినా వేరు కలిసే ధాతువులు వారసత్వం అని తేలింది. గ్రిమ్ సూత్రానికి ఇది ఆరేళ్ల ముందు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం వచ్చింది 1856లో. ఎల్లిస్‌కు రావలసినంత పేరు రాలేదు, పట్టాభిరామశాస్త్రికి అసలే రాలేదు.

ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. పోలికల్లో చుట్టరికం, అరువు, కాకతాళీయం అనే మూడే కాక నాలుగోది ఒకటుంది. అమ్మ, మామా, పాపా లాంటి మాటలు సంబంధం లేని భాషల్లో కూడా ఒకేలా ఉంటాయి. పసిపిల్లల నోటికి పెదవులు కలిపి పలికే ధ్వనులు సులువు కాబట్టి, వాటిలో తల్లిదండ్రులు తమ పేర్లు చూసుకుంటారని రోమన్ యాకబ్సన్ 1960లో వివరించాడు. కాకి, కోకిల లాంటివి కూతను అనుకరించి పుట్టేవి. కాబట్టి మామా అనే మాట చూపించి ఎవరైనా రెండు భాషల్ని కలిపితే, లెక్క వేయకుండానే పక్కన పెట్టొచ్చు. డాగ్ కూడా అలా పిల్లల మాటల్లో పుట్టిందే అన్నవాళ్లు ఉన్నారు. మ్బబరమ్ మాటకు మాత్రం ఈ దారి మూసుకుపోయింది, 'గుడగ'లో అనుకరణ ఛాయ ఏదీ లేదు.

అయితే డాగ్ ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఇక్కడ కుక్క పేర్ల విషయంలో చాలా భాషల్లో జరిగిన ఒక సంగతి సాయపడుతుంది. ఆ పాత పేర్లు తరచూ ఊడిపోతుంటాయి. స్పానిష్‌లో లాటిన్ కానిస్ వారసురాలైన 'కాన్' వెనక్కి తగ్గి, మూలం తేలని 'పెర్రో' వచ్చింది. హిందీలో శ్వానం ఇంటి భాషలోంచి పోయి 'కుత్తా' నిలిచింది. ద్రావిడంలో కూడా ఇదే. తమిళంలో నాయ్, కన్నడంలో నాయి, మలయాళంలో నాయ, గోండిలో కూడా దాని చుట్టమే. తెలుగు నిత్య వ్యవహారంలో మాత్రం ఆ మాట లేదు, కుక్క ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు. కుక్కను పేరు పెట్టి పిలుస్తాం, ముద్దు చేస్తాం, తిడతాం, జాతి పేరుతో గొప్పలు పోతాం. ఇన్ని పిలుపుల్లో ఏదో ఒకటి మామూలు పేరు స్థానంలోకి జారుతుంది. పల్లెల్లో సగం కుక్కలకు టామీ అనే పేరుండటం గుర్తు తెచ్చుకుంటే, ఇంకో రెండొందల ఏళ్లకు తెలుగులో ఏం జరుగుతుందో చెప్పలేం.

పాత ఇంగ్లిష్‌లో డొగ్గ లాంటి పేర్ల గుంపు ఒకటుంది. కప్ప 'ఫ్రొగ్గ', మగదుప్పి 'స్టగ్గ', పంది 'పిగ్గ', ఒక చిన్న పిట్ట 'సుగ్గ'. అన్నీ జంతువులు, అన్నింటి చివరా రెట్టించిన 'గ్గ'. ఇది ముద్దుపేర్ల ప్రత్యయమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. సత్యనారాయణను సత్తి అన్నట్టు, మాటను పొట్టి చేసి హల్లును రెట్టించడం అన్నమాట. ఫ్రొగ్గ విషయంలో పూర్తి పేరు కూడా మిగిలి ఉంది: కప్పకు 'ఫ్రొక్స్' అనే రూపం రాతల్లో దొరుకుతుంది. ఫ్రొక్స్ చివర తెగి, 'గ్గ' చేరి, ఫ్రొగ్గ అయింది. 2006లో పోలండ్ భాషావేత్త ప్యోత్ర్ గాన్షొరోవ్‌స్కీ ఈ జంటను కొలతగా తీసుకుని ఒక ప్రతిపాదన చేశాడు. పాత ఇంగ్లిష్‌లో 'డొక్స్' అనే రంగు మాట ఉంది, నలుపు కలిసిన గోధుమ రంగు. నేటి ఇంగ్లిష్‌లో మునిమాపును చెప్పే డస్క్ దాని బంధువు. ఫ్రొక్స్ నుంచి ఫ్రొగ్గ వచ్చినట్టే డొక్స్ నుంచి డొగ్గ వచ్చిందని, మొదట అది నల్లకుక్కను పిలిచే పేరని ఆయన వాదన. మన ఊళ్లలో నల్లకుక్క 'నల్లోడు' అయినట్టే. పనికొచ్చేది, మంచిది అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చిందనే పాత ఊహ కూడా ఒకటుంది గానీ, దానికి ఇలాంటి జంట లేదు.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మాత్రం డాగ్ మూలం తెలియదనే చెబుతుంది. తొందరపడకపోవడం నిఘంటువు ధర్మం. రంగు వాదనకు ఉన్న బలమంతా ఒకే ఒక్క కప్పలో ఉంది. ఇంకొక్క జంతువు పేరు ఇదే పద్ధతిలో, పూర్తి రూపంతో సహా బయటపడితే వాదన గట్టిపడుతుంది. ఇంతవరకూ పడలేదు. ఇలాంటి ఖాళీలోకే కథలు దూరుతాయి. డాగ్‌కే చెందిన హాట్ డాగ్ విషయంలో అలాగే దూరింది. న్యూయార్క్ బేస్‌బాల్ మైదానంలో టాడ్ డోర్గన్ అనే కార్టూనిస్టు, సాసేజ్ జర్మన్ పేరు రాయడం రాక హాట్ డాగ్ అని గీశాడని దశాబ్దాల పాటు పుస్తకాలు రాశాయి. ఆ కార్టూన్ ఎంత వెతికినా దొరకలేదు. మాట మాత్రం అంతకుముందే, 1895 నాటి యేల్ విద్యార్థుల పత్రికలో, సాసేజ్‌లో ఏ మాంసం కలుపుతారో అన్న వేళాకోళంగా అచ్చయి ఉంది.